పాత మెయిల్స్ వాటంతట అవే ఇంట్లో కంప్యూటర్‌లోకి వచ్చేలా సెట్ చేస్కోవడం ఎలా (జీమెయిల్ + థండర్‌బర్డ్)

జీమెయిల్ స్టోరేజ్ నిండిపోయిందని మెసేజ్ రాగానే చాలామంది చేసే మొదటి పని, పాత మెయిల్స్ అన్నీ టిక్ పెట్టి ఆర్కైవ్ బటన్ నొక్కేయడం. ఇన్‌బాక్స్ నీట్‌గా కనిపిస్తుంది, మనసు కుదుటపడుతుంది, కానీ స్టోరేజ్ మాత్రం ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఎందుకంటే జీమెయిల్‌లో ఆర్కైవ్ అంటే ఆ మెయిల్‌కి ఉన్న ఇన్‌బాక్స్ అనే లేబుల్ పీకేయడం, అంతే. మెయిల్ ఆల్ మెయిల్‌లో భద్రంగా అలాగే ఉంటుంది. హాల్లో సామాను అటక మీదకి ఎక్కించినట్టన్నమాట, ఇంట్లోంచి ఏదీ బయటికి పోలేదు.

మనం ఇక్కడ చేయబోయేది వేరే. ఏడాది దాటిన మెయిల్స్ గూగుల్ సర్వర్ నుంచి మన కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి దిగాలి, సర్వర్‌లోంచి పోవాలి, మనం గుర్తుపెట్టుకోకుండానే ఇది జరుగుతూ ఉండాలి. దీనికి థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడదాం, ఎందుకంటే అది ఫ్రీ, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఒకేలా ఉంటుంది, పైగా మెయిల్స్‌ని దాచే ఫైల్ ఫార్మాట్ అందరికీ తెలిసిన ఎంబాక్స్, అంటే రేపు థండర్‌బర్డ్ లేకపోయినా ఇంకోదాన్లో తెరుచుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు

ముందు గూగుల్ వన్ స్టోరేజ్ పేజీకి వెళ్లి ఏది ఎంత తింటోందో చూడండి. ఫ్రీగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కి ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కి, ఫొటోస్‌కి కూడా కలిపి. 2021 జూన్ 1 తర్వాత అప్‌లోడ్ అయిన ఫొటోలన్నీ ఇందులో లెక్కే. మీ లెక్కలో ఫొటోలు 12 జీబీ, మెయిల్ ఒకటిన్నర జీబీ అని చూపిస్తుంటే ఈ పనంతా చేసినా మీకు ఒరిగేది పెద్దగా ఏం ఉండదు, ముందు ఫొటోల సంగతి చూస్కోండి. మెయిలే నాలుగైదు జీబీ దాటితే మాత్రం చదవండి. స్టోరేజ్ పూర్తిగా నిండితే మెయిల్ పంపడం, రావడం రెండూ ఆగిపోతాయి, బ్యాంకు వాళ్లు పంపినవి వెనక్కి వెళ్లిపోతాయి, కాబట్టి అంతదాకా తెచ్చుకోవద్దు.

రెండోది, ఇలా దింపిన మెయిల్స్ ఫోన్‌లో వెతికితే దొరకవు. ఆర్టీఏ ఆఫీసులో నిలబడి మూడేళ్ల క్రితం ఇన్సూరెన్స్ కాగితం కావాలంటే ఫోన్‌లో ఉండదు, అది ఇంట్లో కంప్యూటర్‌లో ఉంటుంది. అందుకని పాస్‌పోర్ట్, వీసా, ఇంటి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ పాలసీ, డిగ్రీ సర్టిఫికెట్ లాంటివన్నీ ఇప్పుడే ఫోన్‌లో వెతికి స్టార్ పెట్టేయండి. స్టార్ ఉన్నవాటిని ముట్టుకోవద్దని తర్వాత మనం రూల్‌లో చెప్తాం.

ఎలాగూ చూస్తున్నారు కాబట్టి, జీమెయిల్ సెర్చ్ బాక్స్ కుడివైపు చివర ఉన్న గుర్తు నొక్కితే సైజ్ అనే గడి వస్తుంది, అందులో 10 ఎంబీ కంటే ఎక్కువ అని ఇచ్చి వెతకండి. ఎవరిదో పెళ్లి ఫొటోలు, ఎప్పుడో ఫార్వర్డ్ చేసిన వీడియోలు వరసగా బయటపడతాయి. అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు అసలు సైజుకి మూడో వంతు అదనంగా పెరుగుతుంది, 9 ఎంబీ ఫైల్ మెయిల్‌లో 12 ఎంబీ అవుతుంది, అందుకే మీరు అనుకున్నదానికంటే ఎక్కువ చోటు తింటాయి. అక్కర్లేనివి అక్కడే డిలీట్ కొట్టేయండి, చెత్తని కూడా ఆర్కైవ్ చేయడం ఎందుకు.

థండర్‌బర్డ్‌లో అకౌంట్ పెట్టడం

డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేశాక మీ పేరు, మెయిల్ ఐడీ ఇస్తే ఐమ్యాప్ (మెయిల్స్ సర్వర్‌లోనే ఉంచి ఇక్కడ చూపించే పద్ధతి) అని అదే ఎంచుకుంటుంది, అలాగే ఉంచండి. పాస్‌వర్డ్ అడిగేది గూగుల్ సొంత లాగిన్ పేజీ, అక్కడ మామూలుగా లాగిన్ అయ్యి అనుమతి ఇస్తే చాలు. నెట్‌లో పాత వీడియోలు కొన్ని "లెస్ సెక్యూర్ యాప్స్ ఆన్ చేయండి" అని చెప్తాయి, మామూలు అకౌంట్లకి ఆ పద్ధతిని గూగుల్ 2022 మే 30నే ఎత్తేసింది, ఆ వీడియో అక్కడే కట్టేయండి.

మెనూలు కనిపించకపోతే కీబోర్డ్‌లో ఆల్ట్ నొక్కండి, పైన వరస వస్తుంది. ఎడమవైపు మీ జీమెయిల్ ఫోల్డర్లు, వాటి కింద లోకల్ ఫోల్డర్స్ అని ఇంకోటి కనిపిస్తాయి. ఈ లోకల్ ఫోల్డర్స్ అనేదే మన ఆర్కైవ్ గది, ఇందులో వేసింది సర్వర్‌కి వెళ్లదు, మీ డిస్క్‌లోనే ఉంటుంది.

ఇక్కడే ఒక పని ముందుగా చేసేయాలి. మామూలుగా ఈ లోకల్ ఫోల్డర్స్ సీ డ్రైవ్‌లో, యాప్‌డేటా అనే దాక్కున్న ఫోల్డర్ లోపల్లోపల ఎక్కడో ఉంటాయి. కంప్యూటర్ స్లో అయిందని సర్వీస్ షాపుకి ఇస్తే వాళ్లు అడిగేది "డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ బ్యాకప్ తీయమంటారా" అనే, ఆ రెండూ కాపీ చేసి సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టేస్తారు, పదేళ్ల మెయిల్స్ దాంతోపాటే గోవిందా. అందుకని డి డ్రైవ్‌లో మెయిల్ ఆర్కైవ్ అని ఒక ఫోల్డర్ చేసి, అకౌంట్ సెట్టింగ్స్‌లో లోకల్ ఫోల్డర్స్ నొక్కి, మెసేజ్ స్టోరేజ్ కింద ఉన్న లోకల్ డైరెక్టరీ దగ్గర బ్రౌజ్ కొట్టి ఆ కొత్త ఫోల్డర్ చూపించండి. ఒకసారి రీస్టార్ట్ అడుగుతుంది. ఇందులో ఇంకా మెయిల్స్ ఏమీ లేనప్పుడే ఇది చేయడం సుఖం. డి డ్రైవ్ లేని ల్యాప్‌టాప్ అయితే కనీసం ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు లోకల్ ఫోల్డర్స్ మీద రైట్ క్లిక్ చేసి న్యూ ఫోల్డర్ అని, ఏడాదికొకటి చొప్పున ఫోల్డర్లు చేయండి, 2018, 2019, 2020 అలా. అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసేయొచ్చు కదా అంటే వేయొచ్చు, కానీ థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా దాస్తుంది. ఒక్క పాత మెయిల్ చేరినా ఆ పెద్ద ఫైల్ మొత్తం మారినట్టే, బ్యాకప్ తీసిన ప్రతిసారీ అంతా మళ్లీ కాపీ అవ్వాలి. ఏడాది ఫోల్డర్లైతే 2018 ఫైల్ ఒకసారి నిండాక ఇక మారదు.

అసలు రూల్

టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరవండి, పైన మీ జీమెయిల్ అకౌంట్ ఎంచుకుని న్యూ కొట్టండి. పేరు "2020 పాతవి" అని పెట్టండి. ఇప్పుడు వచ్చే గడులు జాగ్రత్తగా చూడాలి.

ఎప్పుడు నడవాలి అనే చోట మాన్యువల్లీ రన్ ఒకటే టిక్ ఉంచండి ప్రస్తుతానికి. గెటింగ్ న్యూ మెయిల్ అనే టిక్ ఉంటే తీసేయండి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు: అది మెయిల్ వచ్చిన క్షణంలో చెక్ చేస్తుంది, అప్పుడే వచ్చిన మెయిల్ వయసు సున్నా రోజులు, మన రూల్ ఏడాది దాటినవాటికి, ఇక అది ఎప్పుడు పనిచేస్తుంది చెప్పండి.

కండిషన్స్ దగ్గర మ్యాచ్ ఆల్ పెట్టి నాలుగు లైన్లు రాయండి. ఒకటి, ఏజ్ ఇన్ డేస్, ఈజ్ గ్రేటర్ దాన్, 365. రెండు, డేట్, ఈజ్ ఆఫ్టర్, 2019 డిసెంబర్ 31. మూడు, డేట్, ఈజ్ బిఫోర్, 2021 జనవరి 1. నాలుగు, స్టేటస్, ఈజింట్, స్టార్డ్. మ్యాచ్ ఎనీ అని పొరపాటున వదిలేస్తే నాలుగింట్లో ఏదో ఒకటి సరిపోయినా మెయిల్ వెళ్లిపోతుంది, అంటే స్టార్ లేని ప్రతి మెయిల్, నిన్న వచ్చింది కూడా, ఎగిరిపోతుంది. ఆ ఒక్క గడి రెండుసార్లు చూడండి. తేదీ ముందు రోజా ముందు నెలా అన్నది మీ కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, గడిలో అది ముందే నింపి చూపించే తేదీని చూసి అదే వరసలో రాయండి.

యాక్షన్స్ దగ్గర రెండు పెట్టాలి. మొదటిది కాపీ మెసేజ్ టు, అక్కడ లోకల్ ఫోల్డర్స్ లోపలి 2020 ఎంచుకోండి. పక్కనున్న ప్లస్ నొక్కి రెండోది డిలీట్ మెసేజ్. ఈ వరస తారుమారు కాకూడదు.

మూవ్ అని ఒకటే యాక్షన్ ఉందిగా, కాపీ చేసి డిలీట్ చేయడం ఎందుకు అనిపిస్తుంది. మామూలు మెయిల్ సర్వర్ అయితే మూవ్ చాలు. జీమెయిల్‌తో అలా కాదు. ఇన్‌బాక్స్ నుంచి మెయిల్‌ని మూవ్ చేస్తే జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్ లేబుల్ తీసేయమన్నట్టు అర్థం చేసుకుంటుంది, ఆల్ మెయిల్‌లో మళ్లీ అలాగే ఉంచుతుంది, మొదట్లో చెప్పుకున్న అటక కథే. మీ కంప్యూటర్‌లో కాపీ ఉంటుంది, గూగుల్‌లోనూ ఉంటుంది, స్టోరేజ్ తగ్గదు. అదే డిలీట్ యాక్షన్ అయితే థండర్‌బర్డ్ ఆ మెయిల్‌ని జీమెయిల్ చెత్తబుట్ట ఫోల్డర్‌కి పంపుతుంది, అక్కడికి చేరిన మెయిల్‌ని మాత్రమే జీమెయిల్ నిజంగా డిలీట్ అయినట్టు లెక్కేస్తుంది, 30 రోజులు అందులో ఉంచి తర్వాత చెరిపేస్తుంది. ఆ 30 రోజులు మనకి బీమా లాంటివి, ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చు.

దీనికి ఒక చెక్ ఉంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిస్తే వెన్ ఐ డిలీట్ ఎ మెసేజ్ అని ఉంటుంది, అక్కడ మూవ్ ఇట్ టు దిస్ ఫోల్డర్ అనేదే ఎంచుకుని, పక్కన జీమెయిల్ కింది ట్రాష్ ఉండాలి. మీ జీమెయిల్ భాష బ్రిటన్ ఇంగ్లీషులో ఉంటే దాని పేరు బిన్ అని కనిపిస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే.

మొదటిసారి నడిపేటప్పుడు

నేరుగా ఇన్‌బాక్స్ మీద వదలకండి. జీమెయిల్‌లో టెస్ట్ అని ఒక లేబుల్ చేసి, 2020 నాటి అక్కర్లేని మెయిల్స్ ఓ పది దానికి తగిలించండి, ఇన్‌బాక్స్ నుంచి తీసేయండి. థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డర్ కనిపించాక ఫిల్టర్స్ విండో కింద రన్ సెలెక్టెడ్ ఫిల్టర్స్ ఆన్ అనే చోట టెస్ట్ ఫోల్డర్ ఎంచుకుని రన్ నౌ కొట్టండి. తర్వాత లోకల్ 2020 తెరిచి చూడండి, పదీ వచ్చాయా. ఫైల్ మెనూలో ఆఫ్‌లైన్, వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి వాటిల్లో ఒక అటాచ్‌మెంట్ తెరవండి. నెట్ లేకుండా తెరుచుకుందంటే అది నిజంగా మీ డిస్క్‌లో ఉన్నట్టు. బ్రౌజర్‌లో జీమెయిల్ బిన్ కూడా చూడండి, పదీ అందులో ఉండాలి, ఆల్ మెయిల్‌లో ఉండకూడదు. ఏదైనా తేడాగా ఉంటే అదే విండోలో ఫిల్టర్ లాగ్ అని బటన్ ఉంది, ఆన్ చేసి మళ్లీ నడిపితే ఏ మెయిల్‌కి ఏం చేసిందో రాసి పెడుతుంది.

అంతా సరిగ్గా ఉందనుకున్నాక మిగతా ఏళ్లకీ ఇలాంటి ఫిల్టర్లే చేయండి, సంవత్సరం, ఫోల్డర్ మార్చుకుంటూ. బోరు పనే కానీ ఒక్కసారే. పాత సరుకు మొత్తం ఒకేసారి దింపాలని తొందరపడొద్దు, రోజుకి ఒక ఏడాది చొప్పున నడపండి. ఒకేసారి చాలా జీబీలు లాగితే గూగుల్ కాసేపు ఐమ్యాప్ కనెక్షన్ ఆపేస్తుంది, మీరేమో థండర్‌బర్డ్ చెడిపోయిందనుకుంటారు. దింపుతున్నంతసేపు ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోండి, డెస్క్‌టాప్ అయితే, కరెంటు తీసే ఊళ్లో ఉంటే, యూపీఎస్ ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఆటోమేటిక్ చేయడం

పాతవన్నీ దిగాక, ఈ ఏడాదికి, పోయిన ఏడాదికి ఉన్న ఫిల్టర్లు తెరిచి పీరియాడికల్లీ, ఎవ్రీ 10 మినిట్స్ అనే టిక్ పెట్టండి. ఇక థండర్‌బర్డ్ తెరిచి ఉన్నంతసేపు పది నిమిషాలకోసారి ఇన్‌బాక్స్ చూస్తుంది, ఆ రోజు 365 దాటిన ఒకటో రెండో మెయిల్స్‌ని చప్పుడు లేకుండా దింపేస్తుంది. తెరిచి ఉన్నంతసేపు అన్నా కదా, మూసేస్తే ఏమీ జరగదు. కాబట్టి కంప్యూటర్ ఆన్ చేయగానే థండర్‌బర్డ్ కూడా తెరుచుకోవాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి వచ్చిన రన్ బాక్స్‌లో షెల్, కోలన్, స్టార్టప్ అని ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొడితే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది, థండర్‌బర్డ్ షార్ట్‌కట్ అందులో వేయండి, అయిపోయింది.

సెంట్ మెయిల్ సంగతి వేరు. ఈ పీరియాడిక్ పద్ధతిని ఇన్‌బాక్స్ వరకే నమ్ముకోండి. మనం పంపిన పెద్ద పెద్ద అటాచ్‌మెంట్లన్నీ సెంట్‌లో కూర్చుని ఉంటాయి, వాటికి అదే ఫిల్టర్‌ని రెండు మూడు నెలలకోసారి సెంట్ ఫోల్డర్ మీద రన్ నౌ కొట్టడమే. మీ సొంత లేబుల్స్‌కి కూడా అంతే.

ప్రతి జనవరిలో కొత్త ఏడాదికి ఒక ఫోల్డర్, ఒక ఫిల్టర్. ఓపికుంటే ఇప్పుడే వచ్చే నాలుగైదేళ్లకీ చేసి పడేయండి, వయసు కండిషన్ ఉంది కాబట్టి అవి టైమ్ వచ్చేదాకా ఊరికే ఉంటాయి.

ఈ సెట్టింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు

అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ అనే పేజీలో కింద డిలీట్ మెసేజెస్ మోర్ దాన్ ఇన్ని డేస్ ఓల్డ్ అని ఒకటుంది. ఆర్కైవ్ కోసం వెతికేవాళ్లకి ఇదేదో మనకి కావాల్సిందే అనిపిస్తుంది. అది ఆర్కైవ్ చేయదు, కంప్యూటర్‌లోనూ సర్వర్‌లోనూ రెండు చోట్లా డిలీట్ చేస్తుంది. డోంట్ డిలీట్ ఎనీ మెసేజెస్ అనే ఉంచండి.

రెండో కాపీ

ఇప్పటిదాకా చేసిన పనికంటే నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. గూగుల్ దగ్గరున్నప్పుడు మీ మెయిల్స్ బాగోగులు వాళ్లు చూసుకునేవాళ్లు, ఇప్పుడు మీ ఇంట్లో ఒక్క హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి. అది పోతే అన్నీ పోయినట్టే. కాబట్టి జీమెయిల్ బిన్‌లో 30 రోజులు గడిచేలోపు ఒక బయటి డిస్క్‌లోకి కాపీ వెళ్లాలి, బయటి డిస్క్ చేతిలో లేకుండా పాతవి దింపడం మొదలెట్టొద్దు.

బయటి డిస్క్ లేదా పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడండి. ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, మీ 2022 ఫోల్డర్ ఐదు జీబీ అయితే కాపీ సగంలో ఆగుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి.

కాపీకి విండోస్‌లో ముందే ఉన్న రోబోకాపీ అనే కమాండ్ వాడొచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి ఒకే లైన్ రాయాలి, ఇంగ్లీషులో: రోబోకాపీ, ఖాళీ, డి డ్రైవ్‌లో మీ ఫోల్డర్ దారి, ఖాళీ, బయటి డిస్క్‌లో ఫోల్డర్ దారి, ఖాళీ, స్లాష్ ఈ, ఖాళీ, స్లాష్ ఆర్ కోలన్ 2, ఖాళీ, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5. దారుల్లో ఎక్కడైనా ఖాళీ ఉంటే ఆ దారి చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టండి. ఫైల్‌ని డెస్క్‌టాప్ మీద డాట్ బ్యాట్ అనే తోకతో సేవ్ చేయండి. స్లాష్ ఈ అంటే లోపలి ఫోల్డర్లతో సహా కాపీ చేయమని. చివరి రెండూ ఎందుకంటే, ఏదైనా ఫైల్ తెరుచుకోకపోతే రోబోకాపీ మామూలుగా పది లక్షల సార్లు, సారికి 30 సెకన్లు ఆగి మరీ ప్రయత్నిస్తుంది, అలా వదిలేస్తే ఒక్క ఫైల్ దగ్గరే దాదాపు ఏడాది ఇరుక్కుంటుంది. రెండుసార్లు, ఐదు సెకన్లు చాలు.

కొంతమంది స్లాష్ ఎమ్ఐఆర్ వాడమంటారు, అది అద్దంలా రెండు వైపులా ఒకేలా చేస్తుంది. ఇక్కడ వాడొద్దు. మీ డి డ్రైవ్‌లో ఫోల్డర్ పొరపాటున ఖాళీ అయిందనుకోండి, అది నమ్మకంగా బ్యాకప్‌ని కూడా ఖాళీ చేసేస్తుంది.

నెలకో ఆదివారం థండర్‌బర్డ్ మూసేసి, డిస్క్ తగిలించి, ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్, అయ్యాక డిస్క్ పీకేసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ (ఫైల్స్ లాక్ చేసి డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు దాన్నీ లాక్ చేస్తుంది. ఈ ఎంబాక్స్ ఫైల్స్‌కి తాళం ఏమీ ఉండదు, నోట్‌ప్యాడ్‌తో తెరిచినా చదవొచ్చు, కాబట్టి డిస్క్ ఎవరికి పడితే వాళ్లకి సినిమాలు ఎక్కించుకోమని ఇవ్వకండి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లకి పాస్‌వర్డ్ ఉంటుంది, ఒక్కో బ్యాంకుది ఒక్కో లెక్క, ఒకడు పుట్టిన తేదీ అంటాడు ఇంకొకడు పేరులో నాలుగక్షరాలు అంటాడు. ఆ లెక్క ఆ మెయిల్ బాడీలోనే రాసి ఉంటుంది, అందుకే పీడీఎఫ్ ఒక్కటే సేవ్ చేసుకుని మెయిల్ డిలీట్ చేసే అలవాటు కంటే మెయిల్ మొత్తం ఆర్కైవ్ చేయడం నయం.

వెతకడం, వెనక్కి తేవడం

పాత మెయిల్ కావాలంటే థండర్‌బర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కండి, పైన లోకల్ ఫోల్డర్స్ ఎంచుకుని పేరో సబ్జెక్టో ఇస్తే నెట్ లేకుండా కూడా దొరుకుతుంది. ఫోన్‌లో కావాలంటే ఆ మెయిల్‌ని లోకల్ ఫోల్డర్ నుంచి లాగి జీమెయిల్ ఇన్‌బాక్స్ మీద వదలండి, మళ్లీ సర్వర్‌లోకి ఎక్కుతుంది. ఎక్కాక స్టార్ పెట్టండి, లేకపోతే ఆ ఏడాది ఫిల్టర్ మళ్లీ నడిచినప్పుడు దాన్ని కిందకి లాగేస్తుంది.

లోకల్ ఫోల్డర్‌లోంచి ఏవైనా డిలీట్ చేస్తే ఫైల్ సైజు వెంటనే తగ్గదు, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ కొట్టాలి.

ఇంత తతంగం వద్దు, ఊరికే ఒక కాపీ ఉంటే చాలు అనుకునేవాళ్లకి గూగుల్ టేకౌట్ ఉంది. అందులో అన్నీ తీసేసి మెయిల్ ఒక్కటే టిక్ పెట్టి, రెండు నెలలకోసారి, ఏడాదిపాటు అని ఎంచుకుంటే ఆరుసార్లు తనే తయారుచేసి లింక్ పంపుతుంది. అదీ ఎంబాక్సే. కాకపోతే ప్రతిసారీ మొత్తం మళ్లీ దించుకోవాలి, సర్వర్‌లో చోటు ఖాళీ అవ్వదు.

అవుట్‌లుక్ వాడేవాళ్లకి

పాత క్లాసిక్ అవుట్‌లుక్ ఉంటే అందులోనే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, ఆటోఆర్కైవ్ సెట్టింగ్స్ అని ఉంది. ఎన్ని రోజులకోసారి నడవాలో, ఎన్ని నెలలు దాటినవి తీయాలో ఇస్తే పీఎస్‌టీ అనే అవుట్‌లుక్ సొంత ఫైల్‌లోకి దానంతట అదే వేస్తుంది, మీరేం మార్చకపోతే 14 రోజులకోసారి నడుస్తుంది. డిలీట్ ఓల్డ్ ఐటెమ్స్ అని పక్కనే ఉన్న ఆప్షన్ మాత్రం పొరపాటున నొక్కకండి. మెయిల్ వచ్చిన తేదీనీ, దాన్ని చివరిసారి మార్చిన తేదీనీ చూసి ఏది తర్వాతదైతే దాన్ని వయసుకి లెక్కేస్తుంది, అందుకే పాత మెయిల్ ఏదైనా కదలకపోతే ఈమధ్య దాన్ని ముట్టుకున్నారేమో చూడండి. ఆ ఫైల్ మామూలుగా డాక్యుమెంట్స్ లోపల అవుట్‌లుక్ ఫైల్స్‌లో పడుతుంది, మీ డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌కి లింక్ అయి ఉంటే అక్కడి ఫ్రీ 5 జీబీ దెబ్బకి నిండిపోతుంది, దారి మార్చి డి డ్రైవ్‌లో పెట్టండి. విండోస్‌తో ఇప్పుడు వస్తున్న కొత్త అవుట్‌లుక్‌లో ఈ ఆటోఆర్కైవ్ లేదు, అది వాడేవాళ్లు థండర్‌బర్డ్ దారికే రావాలి.